ఇరవై ఏడో నంబరు కాలు

రిపోర్టు రాయమంటే మదనపల్లెలో నూటికి తొంభై మందికి తలనొప్పి వస్తుంది. మునిరత్నానికి మాత్రం ప్రాణం లేచొస్తుంది. కాగితం మీద గడులు కనబడితే చాలు, వాటిని నింపేదాకా ఆయన చెయ్యి ఊరుకోదు. ఒక్క గడి ఖాళీగా మిగిలిందంటే ఆ పూట సంగటి ముద్ద గొంతు దిగదు. ఏం మనిషో! కురబలకోట నుంచి రోజూ తొమ్మిది గంటల బస్సుకు వచ్చి, నడక ట్రస్టు ఆఫీసులో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, పదకొండేళ్ళుగా ఆయన చేస్తున్న పని ఇదే. సర్కారు గ్రాంటు ఇస్తుంది, ఇచ్చి ఊరుకోదు, ప్రశ్నలు అడుగుతుంది. ఆ ప్రశ్నలకు జవాబులు రాసి పంపడం మునిరత్నం వంతు. ఇన్నేళ్ళలో ఒక్క రిపోర్టు కూడా వెనక్కి తిరిగి రాలేదని ఆయనకు కాస్త గర్వం. కాస్తేమిటి లెండి, బాగానే గర్వం.

ట్రస్టు చిన్నది. వెనక షెడ్డులో పెట్టుడు కాళ్ళు తయారవుతాయి, ముందు గదిలో వాటి కాగితాలు తయారవుతాయి. ప్రతి కాలికీ ఒక నంబరు కొట్టి ఉంటుంది. ఏటా ఒకసారి, ఆ మనిషి ఆ కాలు తొడుక్కుని ఉండగా ఫోటో తీసి, ఊరూ తేదీ ఆ ఫోటో మీదే పడేటట్టు పంపాలి. మనిషి చనిపోతే ఆ ఏటి రిపోర్టు పోయేలోగా కాలు తిరిగి తెప్పించాలి. లోపలి రాడ్డూ కీలూ ఇంకొకరికి పనికొస్తాయి కాబట్టి అదీ న్యాయమే. ఏ ఒక్క కాలు ఏమైందో తేలకపోయినా రెండో విడత గ్రాంటు ఆగిపోతుంది.

ఈ ఏడాది ఏప్రిల్ ముప్పైలోగా చూపించాల్సినవి నలభై కాళ్ళు. ఏప్రిల్ మూడో వారానికి ముప్పై తొమ్మిది చూపించేశాడు. మిగిలింది ఇరవై ఏడో నంబరు ఒక్కటే. అది పుంగనూరు ఐజాక్‌ది. ఆ ఐజాక్ జనవరిలో చనిపోయాడు. కాలు పంపమని ఆయన భార్య గ్లోరీకి మునిరత్నం రెండు ఉత్తరాలు రాశాడు. జవాబు లేదు. మూడోసారి ఫోన్ చేస్తే ఆమె, “ఒకసారి రాప్పా, కూసోని మాట్లాడుకుందాము” అని పెట్టేసింది.

ఇంతలో కుప్పం నుంచి జాహ్నవి ఫోన్లు. ఇరవై రెండేళ్ళ పిల్ల. ల్యాబు పని నేర్చుకుంది, అక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. జూన్ ఒకటిన చేరాలి. రోజంతా నిలబడి చేసే పని. ఆమె పాత పెట్టుడు కాలు చీలమండ దగ్గర చీలిపోతే సైకిల్ ట్యూబు చుట్టి నెట్టుకొస్తోంది. కొత్త కాలికి కొలతలు ఫిబ్రవరిలోనే తీశారు. ఆమె పేరు రాసిన అచ్చు షెడ్డులో గోడకు ఆనించి పెట్టి ఉంది. రెండో విడత వస్తేనే దానికి మోక్షం.

“సార్, రిపోర్టు పోయిందా?” అని పొద్దున్నే అడుగుతుంది.

“ఎల్లుండి పోతాదిమ్మా” అంటాడు మునిరత్నం. ఆ ఎల్లుండి వచ్చి నెల దాటింది.

ఇక లాభం లేదని ఒక సోమవారం పుంగనూరు బస్సెక్కాడు. కాలు పెట్టుకునేందుకు గోనెసంచి కూడా తీసుకుపోయాడు, పాపం.

గ్లోరీ ఇల్లు మిషన్ చర్చి వెనక సందులో. ఆమె ఒకప్పుడు ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. ఇల్లు ఆసుపత్రి వార్డులాగే తుడిచి పెట్టి ఉంటుంది. మునిరత్నాన్ని కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, ఆయన తాగేదాకా ఆగింది.

“రెండు ఉత్తరాలు రాసినానమ్మా.”

“వచ్చినాయి. ఏమని జవాబు రాసేది? మొగం సూసి సెప్పల్ల కదా.”

“కాలు యాడుండాది?”

“ఆయప్ప కాడే ఉండాది.”

మునిరత్నానికి మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. “అంటే...”

“తొడిగే పంపించినామప్పా” అంది గ్లోరీ.

సర్కారు వారి ఆస్తి, నంబరు కొట్టిన ఆస్తి, ఆరడుగుల మట్టి కింద ఉంది! మునిరత్నం మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. మళ్ళీ ఎత్తుకున్నాడు. అందులో మజ్జిగ లేదు.

“అదేం పనమ్మా! పోయినాక తిరిగియ్యల్ల అని కాయితంలో ఉండాది కదా. నేనే సదివి వినిపిస్తిని. ఇద్దరూ సంతకాలు పెట్టినారు.”

“సదివినావు, కాదన్లే. రైలుబండి మాదిరి సదివేస్తివి. ఆయన కొత్త కాలు సూసుకుంటా కూసోనుండాడు. నేను ఆయన మొగం సూసుకుంటా కూసోనుండా. ఇంగ వినేదెవురు?”

నిబంధనలు పద్నాలుగు. వాటిని రెండు నిమిషాల్లో చదివేసి సంతకాలు పెట్టించడం ఆయనకు అలవాటు. ‘చదివి వినిపించితిని’ అనే గడి నిండితే చాలుననుకునేవాడు.

“అదట్లుండనీ, ఆయప్ప పోయిన పొద్దు నీకు ఫోన్ చేసి సెప్తిని” అంది గ్లోరీ. గొంతులో నిష్ఠూరం లేదు, జరిగింది చెబుతోంది, అంతే. “మట్టి సేసేదానికి వస్తానంటివి. రాలే. వచ్చింటే కాలు తీయమని సెప్పేవాడివి, నేనూ తీసేదాన్ని.”

ఆ రోజు మునిరత్నం ఏదో రిపోర్టులో తలమునకలై ఉన్నాడు. ఐజాక్ పేరు ఎదురుగా చనిపోయిన తేదీ వేసుకుని, వెళ్ళడం మరిచాడు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

“యాల తొడిగినారమ్మా?” అని కారణం అడిగాడు చివరికి. కోపంతో కాదు, తెలుసుకుందామనే.

గ్లోరీ కొంగుతో మొహం తుడుచుకుంది. “సుగరొచ్చి కాలు తీసేసినాక ఆయప్ప చర్చిలో ఎనక బెంచీలో కూసునేవాడు. పాటకి అందరూ లేస్తారు కదా, ఈయప్ప ఒక్కడే కూసోనుండేవాడు. తలెత్తేవాడు కాదు. మీరు కాలిచ్చినాక మూడేండ్లు, ఒక్క పాటకి కూసోలేదప్పా. ప్రసంగానికి కూడా నిలబడేవాడు. మా చర్చి అయ్యగారే ‘ఐజాకన్నా, ఇంగ కూసో’ అనేవారు.” ఆమెకు నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలోనే ఆగింది. “కడబూర మోగితే సచ్చినోళ్ళంతా లేస్తారని మా నమ్మకం. ఆ పొద్దు అందరూ లేచి నిలబడితే మా ఆయన పక్కోళ్ళ భుజం పట్టుకోని లేయల్లనా? నా మనసొప్పలే. నేనే కడిగి, తుడిచి, తొడిగినా.”

బూర సంగతి మునిరత్నానికి తెలియదు. ఆయన దేవుళ్ళు వేరు, ఆయన చావులు వేరు. కానీ అందరూ నిలబడితే ఒక్కడే కూర్చోవడమంటే ఏమిటో, ఇన్నేళ్ళు కాళ్ళ ట్రస్టులో పని చేసినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

అయినా గడి గడే. “పోయిందని రాద్దామా అమ్మా?” అన్నాడు గొంతు తగ్గించి. “పోలీసు స్టేషన్లో ఒక కాయితం ఇస్తే సాలు.”

“పోలేదు కదప్పా” అంది గ్లోరీ ఆశ్చర్యంగా. “యాడుండాదో నాకు తెలుసు.”

ఆమె ఆయన్ని చర్చి దగ్గరికి తీసుకుపోయింది. పాస్టరు ఫిలిప్ అయ్యగారు అట్ట ఊడిన పాత భూస్థాపన రిజిస్టరు తెచ్చి తెరిచారు. ఐజాక్ పేరు ఎదురుగా, గుండ్రటి అక్షరాల్లో, ‘కృత్రిమ కాలు ధరింపజేసి భూస్థాపన చేయడమైనది’ అని ఉంది.

“ఇది కూడా రాసినారా అయ్యగారూ?” అన్నాడు మునిరత్నం నీరసంగా.

“రిమార్కుల గడి ఖాళీగా ఉండాది కదప్పా” అన్నారు ఫిలిప్ అయ్యగారు. “ఖాళీగా ఇడిస్తే నాకు నిద్ర పట్టదు.”

ఇంకెవరైనా అయితే మునిరత్నానికి ఒళ్ళు మండేది. ఈయన్ని చూస్తే సొంత అన్నను చూసినట్టయింది. రిజిస్టరు పేజీని ఫోన్లో ఫోటో తీసుకున్నాడు.

ముగ్గురూ సమాధుల తోటలోకి నడిచారు. ఇంకా సిమెంటు పడని మట్టి దిబ్బ, దాని మీద చెక్క సిలువ. ఎండ బాగా ఎక్కింది. అక్కడ నిలబడి మునిరత్నం చెప్పకూడని మాట చెప్పేశాడు. కుప్పంలో ఒక పిల్ల ఉందనీ, ఈ కాలు తేలకపోతే ఆ పిల్లకు కాలు రాదనీ, కాలు రాకపోతే ఉద్యోగం పోతుందనీ. అబద్ధం ఒక్క ముక్క లేదు. కానీ మొగుడి సమాధి దగ్గర నిలబెట్టి చెప్పాల్సిన నిజమా అది? నోట్లోంచి వచ్చాక నాలుక కరుచుకున్నాడు.

గ్లోరీ వంగి, దిబ్బ మీది ఎండుటాకు ఒకటి ఏరి పారేసింది.

“తవ్వించు” అంది.

“ఏందమ్మా?”

“ఆ బిడ్డ కాలు ఈయప్ప కాడ ఇరుక్కోనుండాదంటే ఈయప్పే ఒప్పుకోడు. అయ్యగారూ, మీరు అనుమతియ్యండి. మనుషుల్ని నేను పిలిపిస్తా.” ఆమె మునిరత్నం వైపు తిరిగింది. “నేను సూళ్ళేను. నువ్వు నిలబడి తీయించుకో. మట్టికి రాలేదు, దీనికన్నా రాప్పా.”

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు. ఇక్కడ ఎవరికీ కోపం లేకపోవడమే మునిరత్నానికి కష్టమైంది. ఆమె తిట్టి ఉంటే వాదించేవాడు. ఏడ్చి ఉంటే ఓదార్చేవాడు. ఇదేమిటి, గోనెసంచి చంకలో పెట్టుకుని వచ్చినవాడికి మొగుడి సమాధే తవ్వుకోమంటోంది!

“రెండు దినాలు ఆగండమ్మా” అన్నాడు. “ఎవురినీ పిలిపించొద్దు. నేను మళ్ళా ఫోన్ చేస్తా.” పోబోతూ ఆగి, సమాధిని కూడా ఒక ఫోటో తీసుకున్నాడు. ఊరూ తేదీ వాటంతట అవే పడ్డాయి.

మదనపల్లె బస్సు ఎదురుగానే ఉంది. ఎక్కలేదు. పలమనేరు మీదుగా కుప్పం పోయే బస్సెక్కాడు. అక్కడికి పోయి ఏం చేస్తాడో ఆయనకే తెలియదు. ఒకరికి కాలు ఎందుకు రాదో ఫోన్లో చెప్పి పెట్టేయడం ఇక ఆయన వల్ల కాదు, అంతే. గోనెసంచిని మడిచి సీటు కింద తోసేశాడు. దిగేటప్పుడు దాన్ని అక్కడే వదిలేశాడు.

సాయంత్రం నాలుగింటికి జాహ్నవి ఇల్లు చేరేసరికి ఆమె గుమ్మంలోనే కూర్చుని కాలికి కొత్త ట్యూబు ముక్క చుట్టుకుంటోంది. ఆయన్ని చూసి మొహం వెలిగిపోయింది. కాలు వచ్చేసిందనుకుంది. మునిరత్నం అరుగు మీద కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. తను నిబంధనలు ఎలా చదివాడో, మట్టికి ఎలా పోలేదో, అదీ దాచలేదు.

జాహ్నవి మొహం ఎర్రబడింది. “సచ్చినోళ్ళకి కాలెందుకు సార్? బతికినోళ్ళం ఈడ ట్యూబులు సుట్టుకోని సస్తాంటే! ఆయమ్మకి అంత తెలీదా?”

“తెలుసమ్మా. నీ సంగతి సెప్తే తవ్వించుకోమనింది.”

“తవ్వించినారా?”

“లేదు.”

“యాల?”

“నాకు సేతకాలే.”

ఆమె చేతిలోని ట్యూబు ముక్కను లాగి, వదిలి, లాగింది. ఇంట్లోంచి ఎవరో కాఫీ తెచ్చి పెట్టి పోయారు. అది చల్లారింది.

“ఆయప్ప బెంచీలో కూసోనుండేవాడు అంటిరే” అంది కాసేపటికి. “స్కూల్లో ప్రార్థనకి నన్ను కూడా కూసోమనేవాళ్ళు సార్. వరసలో నాకొక్కదానికే స్టూలు ఏసేవాళ్ళు. మంచికే ఏసేవాళ్ళు. ఆ స్టూలు నా సేతికి దొరికుంటే పొయ్యిలో పెట్టుండేదాన్ని.”

మునిరత్నం తల ఊపాడు.

“రిపోర్టులో ఉన్నదున్నట్టు రాస్తే?”

“గ్రాంటు ఆగచ్చు. ఆగకపోనూవచ్చు. నీ ఉద్యోగం తారీఖు దాటిపోయినా పోతాది. నేను మాటియ్యలేను.”

“తవ్వి తీస్తే?”

“రెండు వారాల్లో నీ కాలు తయారు.”

ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపమో దుఃఖమో ఆమెకే తెలిసినట్టు లేదు. ఆ నీళ్ళతోనే లేచి, కుంటుకుంటూ లోపలికి పోయి, నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపుకొచ్చింది. అరుగు మీద పెట్టుకుని గబగబా రాసి ఆయన చేతికిచ్చింది.

‘ఐజాక్ గారి కాలు తీయవద్దు. నాకు ఆలస్యమైనా ఫరవాలేదు. మా వాళ్ళలో కాల్చేస్తారు కాబట్టి నేను పోయాక నాకు కాలుతో పని లేదు. నా కాలు మాత్రం తప్పకుండా తిరిగి ఇప్పిస్తాను. జాహ్నవి, కుప్పం.’

“ఇట్లాంటి కాయితానికి మీ దాంట్లో గడి ఉండాదా సార్?” అని అడిగింది ముక్కు తుడుచుకుంటూ.

“లేదమ్మా.”

“అయినా పెట్టండి.”

మర్నాడు మునిరత్నం తలుపేసుకుని రిపోర్టుకు కూర్చున్నాడు. ముప్పై తొమ్మిది కాళ్ళు చకచకా ఎక్కేశాయి. ఇరవై ఏడు దగ్గర కంప్యూటరు నాలుగు మాటలు చూపించి ఒకటి ఎంచుకోమంది. వాడుకలో ఉంది. తిరిగి ఇచ్చారు. పోయింది. పాడైంది. ఏదీ ఎంచకపోతే ముందుకు పోనివ్వదు. ఆయన దగ్గర కాలు తొడుక్కున్న ఐజాక్ పాత ఫోటోలు బోలెడున్నాయి. ఒకదాని మీద తేదీ మార్చి పెడితే ఎవరికి తెలుస్తుంది? ఆ ఆలోచన వచ్చింది, రాలేదని చెప్పను. వచ్చి, కాసేపు కూర్చుని, పోయింది.

ఆ గడిని ఖాళీగా వదిలేశాడు. పదకొండేళ్ళలో మొదటిసారి! జరిగిందంతా రెండు పేజీలు రాసి, నిబంధనలు అర్థమయ్యేలా చదవకపోవడం, చావు తెలిసీ వెళ్ళకపోవడం తన తప్పులని రాసి, సమాధి ఫోటో, రిజిస్టరు పేజీ, జాహ్నవి కాగితం జత చేసి, విజయవాడలో ఈ గ్రాంటు చూసే అధికారి మాధవీలతకు ఆ సగం రిపోర్టుతో పాటు నేరుగా మెయిల్ పెట్టాడు. గ్లోరీకి ఫోన్ చేసి, “తవ్వేది లేదమ్మా, ఏదైతే అదవుతాది” అన్నాడు. ఆమె “సరేప్పా” అంది.

ఏప్రిల్ ముప్పయ్యో తేదీ, గడువు చివరి రోజు, పదకొండు గంటలకు ఫోన్ మోగింది.

“మునిరత్నం గారా? మాధవీలతని. మీ రిపోర్టు నా ముందుంది. తవ్వడానికి కుటుంబం ఒప్పుకుందని మీరే రాశారు. మరి కాలు ఎందుకు తెప్పించలేదు?”

“తెప్పించలేను మేడం. తప్పు నాది. నామీద ఏం రాసుకున్నా సరే, ఆ పిల్ల కాలు మాత్రం ఆపద్దండి.”

“మీ మీద రాయడం నా పని కాదు. రూలు ప్రకారం నేను రాయాల్సింది ‘వివరణ కోరాం, వచ్చింది’ అని. అది మీ రికార్డులో పడుతుంది.”

“పడనీండి మేడం.”

అవతల కాగితాల చప్పుడు. “ఈ జాహ్నవి కాగితం రెండుసార్లు చదివాను” అంది మాధవీలత. “చూడండి, ఖాళీ గడితో నేను పాస్ చేయలేను. తిరిగి ఇవ్వలేదు. పోలేదు, ఎక్కడుందో మనకు రిజిస్టరుతో సహా తెలుసు. పాడైందని ఎవరూ చూడలేదు. ఇంకేం పెట్టమంటారో మీరే చెప్పండి.”

మునిరత్నం కిటికీలోంచి షెడ్డు వైపు చూశాడు. ఆలోచించకుండానే నోటికొచ్చింది.

“వాడుకలో ఉండాది మేడం.”

తిడుతుందనుకున్నాడు. తర్వాత కీబోర్డు టకటకలు వినిపించాయి.

“పెట్టాను. పైవాళ్ళు అడిగితే నేను చెప్పుకుంటా. కాలు ఆయుష్షు ఐదేళ్ళని నిబంధన, ఇంకా రెండేళ్ళు ఉంది. వాడుకలో ఉంది కాబట్టి ఆ రెండేళ్ళూ మీరే స్వయంగా పోయి ఫోటో తీసి పంపాలి. ఇంకొకరిని పంపితే ఒప్పుకోను.”

“పోతాను మేడం.”

“రెండో విడత ఈ వారంలో వస్తుంది. ఆ అమ్మాయి కాలు మొదలుపెట్టమనండి.”

మునిరత్నం షెడ్డులోకి పోయి ఆ మాట చెప్పాడు. గోడకు ఆనించిన అచ్చును అక్కడి పనివాళ్ళు బల్ల మీదికి ఎత్తేదాకా అక్కడే నిలబడ్డాడు. జాహ్నవికి ఫోన్ చేస్తే ఆ పిల్ల గట్టిగా కేక పెట్టి, వాళ్ళమ్మకు చెప్పడానికి ఫోన్ పెట్టేయడం కూడా మరిచి పరిగెత్తింది. ఆ ట్యూబు కాలితోనే.

తర్వాత గ్లోరీకి చేశాడు.

“అమ్మా, అయిపోయింది. ఆయప్ప కాలు ఆయప్పదే. ఎవురూ అడగరు.”

“ఆ బిడ్డకి?”

“వస్తాదమ్మా. ఈ దినమే మొదలుపెట్టినారు.”

మునిరత్నం ఫోన్ పోయిందేమోనని “అమ్మా, అమ్మా” అన్నాడు.

“ఉండాను లేప్పా” అంది గ్లోరీ. “నువ్వొచ్చిపోయిన కాడ్నించి నేను సమాధి కాడికి పోలేదు. రోజూ పోయేదాన్ని, కాళ్ళు రాలేదు. ఆ బిడ్డది తీసుకోని పండుకోనుండాడే అనిపిస్తాండె. ఆయప్ప మింద కోపం కూడా వచ్చింది, ఎప్పుడూ రానిది.” ఆమె ముక్కు చీదింది. “ఇంగ పెట్టేయప్పా. పొద్దు పోకముందే పోయొస్తా.”